ఇరవై నెలల విటమిన్ మాత్రలు

మొన్న లంచ్‌లో మా టీములో ఒక కుర్రాడు అదేపనిగా దగ్గుతుంటే ఎవరో "టీబీ ఏమో చూపించుకోరా" అని జోకేశారు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ టేబుల్ దగ్గర ఏడుగురం ఉన్నాం. అందులో ఇరవై నెలలు టీబీ మందులు మింగినవాణ్ణి నేను. ఆ సంగతి తెలిసినవాడు ఇంకొక్కడు. వాడు మాత్రం నవ్వలేదు, ప్లేట్లోకి చూస్తూ కూర్చున్నాడు. నేనెందుకు నవ్వానా అని ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించాను. అందుకే ఇది రాస్తున్నా.

2022 ఫిబ్రవరిలో మొదలైంది దగ్గు. ఒమిక్రాన్ అప్పుడప్పుడే తగ్గుతోంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. ఆర్టీపీసీఆర్ చేయిస్తే నెగటివ్ వచ్చింది. "కోవిడ్ కాదులే" అని తెనాలిలో అమ్మ, ఫ్లాట్లో ఫ్రెండ్సు, ఫోన్లో మేనేజరు అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా పీల్చుకోలేకపోయింది నేనొక్కణ్ణే! మా వీధి చివరి డాక్టరుగారు మూడుసార్లు యాంటీబయాటిక్స్ రాశారు. అందులో ఒకటి లీవోఫ్లాక్సాసిన్. అది టీబీ మీద కూడా కొంత పనిచేస్తుందని, అంచేత నాలుగు రోజులు తగ్గినట్టు అనిపించి అసలు రోగం కప్పడిపోతుందని నాకు తర్వాత తెలిసింది. ఈలోపు తొమ్మిది కిలోలు తగ్గాను. వీడియో కాల్‌లో చూసి "ఏ జిమ్ బ్రో?" అని అడిగినవాళ్లున్నారు. ఒకమ్మాయి డైట్ చార్ట్ కూడా పంపమంది.

మేలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన చేసిందల్లా తెమడ పరీక్షకి పంపడమే. సీబీనాట్ అనే మిషను రెండు గంటల్లో క్రిమి ఉందో లేదో, రిఫాంపిసిన్‌కి లొంగుతుందో లేదో చెప్పేస్తుంది. మూడు నెలలు తెలియనిది రెండు గంటల్లో తేలిపోయింది. క్రిమి ఉంది, లొంగదు. తర్వాతి పరీక్షలో ఐసోనియాజిడ్ కూడా పనిచేయదన్నారు. ఈ రెండు మందులూ పనిచేయని రకాన్నే ఎండీఆర్ టీబీ అంటారు.

ఇక్కడో మాట. మందులు సగంలో మానేసినవాళ్లకే మొండి టీబీ వస్తుందని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ నేను అంతకుముందు ఒక్క టీబీ మాత్ర కూడా మింగలేదు. ఎప్పుడో మొండిదైపోయిన క్రిమి ఎవరి దగ్గుతోనో నేరుగా మన లోపలికి రావచ్చు. షేర్ ఆటోలోనో, మెట్రోలోనో, సినిమా హాల్లోనో నాకు అదే జరిగి ఉండాలి. అయినా సరే, "ఏం చేశావురా?" అన్నట్టు చూస్తారు జనం.

ఎందుకింత కాలం మందులు వాడాలి అంటే, ఈ క్రిమి తీరే వేరు. మామూలు ఈ-కోలై బాక్టీరియా 20 నిమిషాలకోసారి రెండవుతుంది. టీబీ క్రిమికి దాదాపు 20 గంటలు పడుతుంది. చుట్టూ మైనం లాంటి మందపాటి గోడ. కొన్నయితే ఏ పనీ చెయ్యకుండా నిద్రపోతుంటాయి, వాటిని మందు పెద్దగా తాకదు. ఇంకోటి, రిఫాంపిసిన్‌ని తట్టుకునే మార్పు సుమారు 10 కోట్ల క్రిముల్లో ఒకదానికి దానంతటదే వస్తుంది. ఊపిరితిత్తిలో గుల్ల పడితే ఆ ఒక్క గుల్లలోనే అన్ని కోట్లు ఉండొచ్చు. అంటే ఒక్క మందే ఇస్తే, అది పనిచేయని క్రిముల్ని మనమే ఏరి పెంచినట్టు. 1948లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. మొదట బాగైనట్టు కనిపించినవాళ్లలో చాలామందికి తర్వాత ఆ మందు పనిచేయలేదు. అందుకే నాలుగైదు మందులు, నెలల తరబడి. లాగ్స్‌లో ఎర్రర్ రావట్లేదు కదా అని టికెట్ క్లోజ్ చేసే మన అలవాటు ఇక్కడ చూపిస్తే ప్రాణం మీదికొస్తుంది.

నాకిచ్చినవి బెడాక్విలిన్, లీవోఫ్లాక్సాసిన్, లినిజోలిడ్, క్లోఫాజిమిన్, సైక్లోసెరిన్. బెడాక్విలిన్ మెడికల్ షాపులో దొరకదు, ప్రభుత్వ కార్యక్రమం ద్వారానే ఇస్తారు. కంపెనీ ఇచ్చిన ఐదు లక్షల ఇన్సూరెన్సు కార్డు జేబులో పెట్టుకుని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి లైన్లో నిలబడ్డాను. (హైదరాబాదులో ఎర్రగడ్డ అంటే అందరికీ పిచ్చాసుపత్రి జోకులే గుర్తొస్తాయి. నేనూ బోలెడు వేశాను.) నా ముందు ఒక ఆటోడ్రైవరు, వెనక డిగ్రీ చదివే అమ్మాయి. అందరికీ అవే మందులు, అందరికీ ఉచితం. నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండికని నెలకి 500 రూపాయలు నా శాలరీ అకౌంట్లోనే పడేవి, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. మొదటిసారి ఆ మెసేజ్ చూసి నవ్వొచ్చింది. తర్వాత ఆ ఆటోడ్రైవరు గుర్తొచ్చి నవ్వాగిపోయింది.

మందుల సంగతికొస్తే, లినిజోలిడ్ వల్ల మూడో నెలకి అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు తిమ్మిర్లు. ఆర్నెల్లయ్యాక డోసు తగ్గించారు కానీ తిమ్మిర్లు పూర్తిగా పోలేదు. గుండె లయ చూడ్డానికి మాటిమాటికీ ఈసీజీ. సైక్లోసెరిన్‌తో పీడకలలు, ఊరికే ఏడుపు. క్లోఫాజిమిన్‌తో ఒళ్లంతా రాగిచెంబు రంగుకి తిరిగింది. "గోవా వెళ్లొచ్చావా?" అని అడిగేవారు ఆఫీసులో. అవునన్నాను! ఒకే ఏడాది మూడుసార్లు గోవా వెళ్లాను నేను. ఇంతా చేసి నేను అదృష్టవంతుణ్ణే. నాకంటే ముందువాళ్లు నెలల తరబడి కనామైసిన్ ఇంజెక్షన్లు పొడిపించుకున్నారు, వాళ్లలో కొందరికి చెవులు పోయాయి. నా తర్వాతివాళ్లు ఇంకా అదృష్టవంతులు. 2024 సెప్టెంబరులో మన ఆరోగ్యశాఖ బీపాల్ఎమ్ అనే ఆరు నెలల చికిత్సకి అనుమతి ఇచ్చింది. నా మందులు అయిపోయింది అదే ఏడాది జనవరిలో.

ఇవన్నీ ఒక ఎత్తు. దాచడం ఇంకో ఎత్తు.

రిపోర్టు వచ్చిన రోజు రాత్రి అమ్మ అన్న మొదటి మాట "ఎవరికీ చెప్పకు నాన్నా". ఆవిడ టీబీ అని కూడా అనదు, "ఆ జబ్బు" అంటుంది. అరవై తెలుగు సంవత్సరాల్లో ఆఖరిదాన్ని క్షయ అనడానికి మనసొప్పక అక్షయ అని రాసుకున్న జాతి మనది, మా అమ్మనేం అంటాం! అదే సంవత్సరం కోవిడ్ వచ్చినవాళ్లు వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నారు. "గెట్ వెల్ సూన్"లు, గుమ్మం ముందు క్యారేజీలు. నేను మాత్రం అమ్మొస్తోందని చెప్పి ఫ్లాట్ ఖాళీ చేసి మూసాపేటలో వేరే గది తీసుకున్నాను. మాత్రలన్నీ ఒక సోంపు డబ్బాలో పోసుకుని ఆఫీసుకి తీసుకెళ్లేవాణ్ణి. ఎవరైనా చూస్తే "విటమిన్స్". అబద్ధం మరీ పూర్తి అబద్ధం కాదు లెండి, తిమ్మిర్లకని ఇచ్చే బీ6 కూడా అందులో ఉండేది.

ఆ అబద్ధం వల్లే నేను డోసులు తప్పాను. మరచిపోయి కాదు. ఒక రిలీజు వారంలో రోజంతా వార్ రూములో పక్కపక్కనే కూర్చున్నాం, పది మాత్రలు మింగడానికి చాటు దొరకలేదు. మూడు రోజులు అలా పోయాయి. అర్ధరాత్రి ఇంటికెళ్లి సోంపు డబ్బా తెరిస్తే చేతులు వణికాయి. ఇదే నేను చెప్పదల్చుకున్నది. మందులు మానేసినవాణ్ణి కార్యక్రమం పుస్తకాల్లో "డిఫాల్టర్" అని రాసేవారు, అప్పు ఎగ్గొట్టినవాడిలాగా. 2013లో డబ్ల్యూహెచ్‌వో ఆ మాట తీసేసింది. మాట పోయింది కానీ తప్పంతా రోగి క్రమశిక్షణదే అన్న ఆలోచన పోలేదు. మన ఇంజనీర్లూ దానికో టెక్నాలజీ కనిపెట్టారు. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియావాళ్లు మొదలెట్టిన 99డాట్స్‌లో మాత్ర నొక్కితే వెనక దాచిన ఫోన్ నంబరు బయటపడుతుంది, దానికి ఉచితంగా కాల్ చేస్తే ఆ రోజు డోసు వేసుకున్నట్టు నమోదవుతుంది. (మామూలు టీబీ మందుల ప్యాకెట్లకి అది.) ఐడియా భలే ఉంటుంది, నాకు నచ్చింది కూడా. కానీ డోసు తప్పిందని ఏ డేటాబేస్ అయినా చెప్తుంది. పక్క సీటువాడు చూస్తాడని తప్పిందని ఏ కాలమ్‌లో రాస్తారు?

2023 మొదట్లో యూకే ఆన్‌సైట్ వచ్చింది, ఏడాది పాటు. మీకు తెలిసే ఉంటుంది, ఆరు నెలలు దాటిన యూకే వీసాకి మనవాళ్లు టీబీ పరీక్ష సర్టిఫికెట్ ఇవ్వాలి. మందులు నడుస్తుండగా అది రాదు. అప్పటికి నాలుగు నెలలుగా నా తెమడలో క్రిమి లేదు, అయినా అంతే. "అమ్మకి ఒంట్లో బాలేదు" అని చెప్పాను. పక్క గదిలో నాకోసం గుడ్లు ఉడకబెడుతున్న అమ్మ ఆ మాట విన్నది. ఏమీ అనలేదు. మర్నాడు వెళ్లి మేనేజరుకి నిజం చెప్పేశాను.

ఆయన మంచివాడు. హెచ్చార్‌కి రాయమన్నాడు. వాళ్ల దగ్గర దీనికి ఏ గడీ లేదు. మెటర్నిటీ ఉంది, పెటర్నిటీ ఉంది, ఆపరేషన్ ఉంది. ఆసుపత్రిలో పడుకోకుండా ఇరవై నెలలు పనిచేస్తూ జబ్బుగా ఉండేవాడు ఏ పాలసీలోనూ లేడు. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. తమాషా ఏంటంటే ఈఎస్ఐలో దీనికి ఏర్పాటుంది. టీబీ లాంటి దీర్ఘకాల జబ్బులకి రెండేళ్ల దాకా, జీతంలో 80 శాతం ఇస్తూ సెలవు. 2017లో ఈఎస్ఐకి జీతం పరిమితి 21,000 చేశారు. అంటే మా బిల్డింగు గేటు దగ్గర నా ట్యాగు చూసి లోపలికి పంపే గార్డుకి కాగితం మీదయినా ఉన్న హక్కు, ట్యాగు వేసుకున్న నాకు లేదు. నాకున్నవి పన్నెండు సిక్ లీవులు.

ఆ మెయిల్ సంగతి ఎలా తెలిసిందో, లంచ్‌లో నవ్వనివాడికి తెలిసింది. మర్నాటి నుంచి వాడి కుర్చీ ఓ అడుగు జరిగింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ వాడికెవరు చెప్పారు? 1959లో మద్రాసు టీబీ కేంద్రంవాళ్లు తమ ప్రయోగం ఫలితాలు అచ్చేశారు. పేదవాళ్లని ఇరుకిళ్లలోనే ఉంచి మందులిచ్చినా, శానిటోరియంలో పెట్టి ఇచ్చినా జబ్బు దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబానికి అదనంగా అంటుకున్నదీ లేదు. సరైన మందులు పడుతున్నవాడి కంటే, జబ్బు ఉందని ఇంకా తెలియనివాడి వల్లే ప్రమాదం ఎక్కువ. ఆ లెక్కన నా పక్కన కూర్చోకూడనిది "కోవిడ్ కాదులే" అన్న మూడు నెలల్లో. అప్పుడేమో నా సిగరెట్లో దమ్ము లాగేవాడు.

కంపెనీలు మారథాన్లూ, వెల్‌నెస్ వారాలూ తర్వాత పెట్టుకోవచ్చు. ముందు చేయాల్సింది చిన్నది. రోగం పేరు పదిమందికి మెయిల్లో తిరగకుండా ఒక్క మనిషికి చెప్పుకునే దారి, నెలకోసారి ఆసుపత్రి లైనుకి ఒక పూట సెలవు. నాకు ఇవి రెండూ ఉండి ఉంటే ఆ మూడు రోజులు తప్పేవి కావు. "అందరూ బయటికి చెప్పేయండి" అని మాత్రం సలహా ఇవ్వలేను. మా ఇంట్లో ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. చెప్పాలని నేను, నయమైపోయినదాన్ని చెప్పడమెందుకని అమ్మ. పోయిన ఆదివారం దీనిమీదే ఇద్దరం అన్నం మానేశాం. ఇంకా తేలలేదు.

దగ్గుతున్న కుర్రాణ్ణి నిన్న కాఫీ మిషను దగ్గర పట్టుకుని ఎన్నాళ్లయిందని అడిగాను. మూడు వారాలన్నా, అన్నాడు. తెమడ పరీక్ష చేయించుకోమన్నాను. మళ్లీ జోకనుకుని నవ్వబోయాడు. నాకొచ్చింది, ఇరవై నెలలు మందులు వాడాను అని చెప్పాను. కాసేపు నా మొహం కేసి చూసి, "అన్నా, గోవా?" అన్నాడు. కాదన్నాను. సోమవారం పొద్దున్నే వెళ్దాం అనుకున్నాం, ఇద్దరం.