చదవని రెండో అంకె

మా చాచా టైలర్. ఆ రాత్రి ఇషా చదివి పడుకున్న మనిషి ఫజర్‌కి లేవలేదు. కుడి చెయ్యి, కుడి కాలు, జబాన్ మూడూ పడిపోయాయి. ఫాలిజ్ అని అందరికీ అర్థమైంది. అర్థమయ్యాక కూడా గంటన్నర జంగ్లీ కబూతర్ కోసం వెతకడంలో పోయింది. దాని ఖూన్ పూస్తే నసలు కదులుతాయట! ఆ సంగతి మీద మరోసారి తిడతాను. ఈసారి తిట్టుకోవాల్సింది నన్ను నేనే.

దవాఖానాలో స్కాన్ తీశారు. డాక్టర్ సాబ్ ఓ ప్రింటు నా చేతిలో పెట్టి, "నస్‌లో గడ్డ ఇరుక్కుంది, తీయాలి, దస్తఖత్ చేయండి" అని లోపలికెళ్లిపోయాడు. చాచీ నా మొహం చూసి "కిత్నా గయా బేటా?" అంది. ఖాందాన్‌లో చదువుకున్నవాణ్ణి, పైగా అఖ్బార్‌వాలాని. కాగితం మీద గులాబీ రంగు మచ్చ, చుట్టూ ఆకుపచ్చ, కింద 62 అని ఉంది. అదే చదివాను. పది నిమిషాల్లో వరండాలో అది "అరవై రెండు పర్సెంట్" అయిపోయింది. "అంత పోయాక ఇంకేం మిగిలింది? ఇంటికి తీసుకుపోదాం, అల్లా మర్జీ" అన్నారు ఓ పెద్దాయన. చాచా కొడుకు చేతిలో పెన్ను ఆగిపోయింది.

62 పర్సెంట్ కాదది. 62 మిల్లీలీటర్లు. మనిషి దిమాగ్ మొత్తం దాదాపు 1200 నుంచి 1400 మిల్లీలీటర్లు ఉంటుంది. అంటే పోయింది నూటికి అయిదు పాళ్లు.

ఆ అంకె ఎలా వస్తుందో తర్వాత తెలుసుకున్నాను. స్కాన్ మనకి ఫోటోలా కనిపిస్తుంది గానీ కంప్యూటర్‌కి అది ఇటుకలు పేర్చిన గోడ లాంటిది. ఒక్కో ఇటుక పొడవు, వెడల్పు, మందం దానికి తెలుసు. దెబ్బతిన్న ఇటుకలు లెక్కపెట్టి సైజుతో హెచ్చవేస్తుంది. అన్ని వైపులా ఒక్క మిల్లీమీటరు ఉండే ఇటుకలైతే వెయ్యి కలిస్తే ఒక మిల్లీలీటరు. ఏ ఇటుక దెబ్బతిన్నదో తేల్చడమే ముష్కిల్. పరిశోధనల కోసమైతే మనుషులు మౌస్ పట్టుకుని, ఒక్కో పొర మీద మచ్చ అంచు ఓపిగ్గా గీస్తారు. ఎమర్జెన్సీలో అంత ఫుర్సత్ ఎక్కడిది? నస్‌లోకి మందు ఎక్కించి, అది దిమాగ్‌లో ఎలా పారుతుందో సాఫ్ట్‌వేర్ చూస్తుంది. ఖూన్ మామూలులో 30 శాతం కూడా అందని చోటుని పోయినట్టు లెక్కవేసి గులాబీ రంగు పూస్తుంది. మందు ఆరు సెకన్ల కంటే ఆలస్యంగా చేరే చోటికి ఆకుపచ్చ పూస్తుంది. ఆకుపచ్చ అంటే ఆకలితో ఉంది, ఇంకా బతికే ఉంది అని.

చాచా ప్రింటులో ఆకుపచ్చ అంకె 140. గులాబీ కూడా అందులోదే. 140లో 62 పోతే 78. కాపాడుకోవాల్సిన ఆ 78 గురించే డాక్టర్ దస్తఖత్ అడిగాడు. నేను రెండో అంకె చదవలేదు.

ఒకప్పుడు ఆరు గంటలు దాటితే ఇలా గడ్డ తీసే ఇలాజ్‌కి తలుపు మూసేసేవారు. పడుకుని లేవని మా చాచా లాంటివాళ్లకి ఏ గంటకి మొదలైందో కూడా తెలియదు కదా! 2018లో డాన్, డిఫ్యూజ్-3 అనే రెండు పరిశోధనలు ఇలాంటి కొలతల్ని నమ్ముకునే ఆ గడువుని కొందరికి 16 గంటలకీ, 24 గంటలకీ పెంచాయి. డిఫ్యూజ్-3లో హద్దు 70 మిల్లీలీటర్లు, గులాబీ అంతకు తక్కువ ఉన్నవాళ్లనే తీసుకున్నారు. ఆ హద్దు కూడా కదిలింది. 2023లో సెలెక్ట్-2, చైనాలో చేసిన ఏంజెల్-ఆస్పెక్ట్ పరిశోధనలు పెద్ద మచ్చ ఉన్నవాళ్లని తీసుకుంటే, వాళ్లలోనూ గడ్డ తీయించుకున్నవాళ్ల హాల్ ఉత్త మందులవాళ్ల కంటే నయంగా ఉంది. అందరూ లేచి నడిచారని కాదు. చాలామంది నడవలేదు. కానీ కాగితం మీద అంకె చూసి తక్దీర్ చదివేయకూడదని డాక్టర్లే అయిదేళ్లలో నేర్చుకున్నారు. వరండాలో మనమెవరం?

మచ్చ సైజు చెప్పనిది ఇంకోటి ఉంది, అది ఎక్కడ పడిందన్నది. లోపలి నరాల దారిలో ఒకటిన్నర సెంటీమీటరు లేని మచ్చ సగం ఒళ్లు పడేయగలదు. ఇంకోచోట దానికి ఎన్నో రెట్లున్నది చెయ్యీ కాలూ ముట్టకుండా వదిలేయగలదు.

మన హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది ఫాలిజ్ మరీజుల్ని పరిశీలించి 2016లో ఒక పరిశోధన అచ్చువేశారు. ఒకటి కంటే ఎక్కువ జబానులు వచ్చినవాళ్లలో 40.5 శాతం మందికి జ్ఞాపకం, ఆలోచన మామూలుగా ఉన్నాయి. ఒక్క జబానే వచ్చినవాళ్లలో 19.6 శాతం మందికే. మాట పడిపోవడం మాత్రం ఇద్దరిలోనూ ఒకేలా ఉంది. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసి రెండు వైపులా నవ్వించుకున్న నాకు ఆ రోజు కాస్త ఫఖర్‌గా అనిపించింది.

దవాఖానాలవాళ్లతో నాకు ఝగడా ఉంది. అంత ఖరీదైన లెక్క వేసి, ప్రింటు చేతిలో పెట్టి వెళ్లిపోవడం ఏం పద్ధతి? "ఇంత పోయింది, ఇంత బతికుంది, ఇదిగో ఈ చోట" అని మూడు ముక్కలు ఇంటివాళ్ల జబాన్‌లో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. వాళ్లు చెప్పకపోతే మనమే అడగాలి, "కిత్నా బచా?" అని.

మేం దస్తఖత్ చేయడానికి నలభై నిమిషాలు పట్టింది. పెద్ద నస్ మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నరకణాలు పోతాయని అమెరికా డాక్టర్ జెఫ్రీ సేవర్ 2006లో లెక్కగట్టాడు. నలభైతో హెచ్చవేసి చూసుకోండి. నేను చూసుకున్నాను.

గడ్డ తీశారు. ఎనిమిది నెలలైంది. చాచా కర్ర పట్టుకుని గల్లీ చివరిదాకా నడుస్తాడు. కుడిచేతి వేళ్లు ఇంకా సూది పట్టవు. ఇంట్లో ఉర్దూ మాటలు తడుముకుంటాడు, నన్ను మా అన్న పేరుతో పిలుస్తాడు. మొన్న టేపు తెచ్చి నా మెడలో వేశాను. ఎడమచేత్తో లాగి, ఛాతీ కొలిచి, గిరాకీలతో మాట్లాడినట్టు తెలుగులో "నలభై" అన్నాడు. కాసేపాగి, "ఒకటి వదులు" అన్నాడు.