మొక్కజొన్న మచ్చలు, పురుటింటి మాయ

మనకు బజార్లో మొక్కజొన్న పొత్తులు పసుపువో తెల్లవో దొరుకుతాయి. అమెరికాలో రంగురంగులవి కూడా ఉంటాయి. కొన్ని గింజల మీద ఊదారంగు చుక్కలు చిలకరించినట్టుంటాయి. ఆ చుక్కల వెనకాల పెద్ద కథే ఉందండీ.

న్యూయార్క్ దగ్గర కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో బార్బరా మెక్‌క్లింటాక్ అనే శాస్త్రవేత్త 1940లలో ఆ మచ్చల వెంట పడింది. జన్యువులు దండలో పూసల్లా ఎక్కడివక్కడే ఉంటాయని అందరూ నమ్మే రోజులవి. కాదు, కొన్ని ముక్కలు గెంతుతాయి అందావిడ. మీ వంటల పుస్తకంలో పులిహోర పేజీ మధ్య ఎవరో వేరే కాగితం అతికించారనుకోండి, పులిహోర కుదురుతుందా? రంగు జన్యువులో అలాంటి ముక్క దూరితే గింజకు రంగు రాదు. గింజ పెరిగేటప్పుడు ఏదో కణంలో ఆ ముక్క ఊడిపోతే అక్కడ మళ్ళీ రంగొస్తుంది. అదే చుక్క! 1951లో ఈ సంగతి చెబితే పెద్దలకు తలకెక్కలేదు. 1983లో, ఆవిడ 81వ ఏట, నోబెల్ బహుమతి ఇచ్చారు. మరీ అంత ఆలస్యమా అనిపిస్తుంది నాకు.

ఇక హెచ్.ఐ.వి. లాంటి రెట్రోవైరస్‌ల సంగతి. ఇవి తమ ఆర్.ఎన్.ఎ.ని డి.ఎన్.ఎ.గా రాసుకుని మన డి.ఎన్.ఎ.లో అతికిస్తాయి. అతుకు చూస్తే అచ్చం ఆ గెంతే ముక్కల పనితనమే. దూరిన ముక్కకు అటూ ఇటూ మన అక్షరాలే కొన్ని రెండుసార్లు పడి ఉంటాయి. అతికించే ఎంజైముల ముఖ్యభాగం కూడా ఒకే అచ్చులో పోసినట్టుంటుంది. ఈస్ట్‌లో కొన్ని ముక్కలైతే వైరస్‌లాగే ఆర్.ఎన్.ఎ. మీదుగా గెంతుతాయని 1985లో తేలింది.

హెచ్.ఐ.వి. మాత్రలు ఆపకూడదని డాక్టర్లు అనేది అందుకే. మందు వైరస్‌ని అణిచి ఉంచుతుంది గానీ అతికిన ముక్కను పీకలేదు. గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో ఇదీ ఉంటుంది. "మాకెందుకమ్మా ఈ పరీక్ష?" అని చిన్నబుచ్చుకోకండి. తల్లి క్రమం తప్పకుండా మందు వాడితే బిడ్డకు సోకే ప్రమాదం చాలా తక్కువ. ప్రభుత్వాసుపత్రుల్లోని ఏ.ఆర్.టి. కేంద్రాల్లో మందు ఉచితం.

మరి రెండింటికీ తేడా లేదా అంటారేమో. ఉంది. గెంతే ముక్క సాధారణంగా కణం దాటి పోదు. వైరస్‌కు పైన తొడుగుంది. మరో కణానికి అతుక్కుని లోపలికి దూరేది ఆ తొడుగుతోనే. కోట్ల ఏళ్ళ కిందట మన పూర్వీకుల అండంలోనో బీజంలోనో దూరిన రెట్రోవైరస్‌లు వంశపారంపర్యంగా మనదాకా వచ్చాయి. మన డి.ఎన్.ఎ.లో దాదాపు 8 శాతం వాటిదే. చాలా మటుకు పాడుబడ్డ సరుకే లెండి.

ఒకటి మాత్రం కాదు. పురుట్లో "మాయ పడిందా?" అని అడుగుతామే, ఆ మాయలో తల్లి రక్తాన్ని ఆనుకుని ఉండే పొరలో కణాలన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. కలిపేది సిన్‌సిటిన్ అనే ప్రోటీను. అది ఆ పాత వైరస్ తొడుగు జన్యువేనని 2000లో తేలింది. ఎలుకల్లో ఆ పని చేసేది ఇంకో వైరస్ నుంచి వచ్చిన జన్యువు. దాన్ని తీసేసి చూస్తే పిల్లలు కడుపులోనే చనిపోయాయి.