గ్రే ఇంక్ లేనిదాన్ని ఫోటో ప్రింటర్ అని ఎలా అంటాం?

పోయిన నెల మా అమ్మమ్మ సంవత్సరీకం. ఆవిడ పెళ్లికి ముందు తీయించుకున్న ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంది. తెనాలిలో ఏదో స్టూడియోలో తీసిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో, అరచేతి సైజు, ఒక మూల విరిగిపోయింది. "నువ్వు కంప్యూటర్ చదివావు కదరా, దీన్ని పెద్దది చేసి పటం కట్టించు" అంది అమ్మ. ఇదేమంత పని అనుకున్నా. 600 డీపీఐలో స్కాన్ చేసి, గీతలూ మరకలూ తీసేసి, హైదరాబాద్‌లో నా రూమ్‌లో ఉన్న ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో ఏ4 గ్లాసీ పేపర్ పెట్టి ప్రింట్ కొట్టా. ట్యూబ్‌లైట్ కింద చూస్తే అదిరింది. తీసుకుని ఊరెళ్లా.

అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. "అమ్మ ముఖం ఇలా పచ్చబడిందేంట్రా? కామెర్లొచ్చినట్టు?"

నిజమే. బుగ్గల మీద, నుదుటి మీద లేత ఆకుపచ్చ ఛాయ. హాల్లో ఎల్‌ఈడీ బల్బు కింద పెడితే అదే ముఖం కాస్త గులాబీ రంగుకి తిరిగింది. మా డెవలపర్ల భాషలో చెప్పాలంటే "నా మెషీన్‌లో బాగానే పనిచేసింది" కేసు అన్నమాట. బ్రాండ్ పేరు చెప్పను. ఎందుకంటే ఇది ఒక్క కంపెనీ తప్పు కాదు, నాలుగు రంగుల ప్రింటర్ పనిచేసే పద్ధతే అంత.

ఆ పద్ధతి ఏంటో చూద్దాం. మన ఇళ్లలో ఉండే ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో సయాన్, మజెంటా, ఎల్లో, బ్లాక్ అని నాలుగు బాటిళ్లు ఉంటాయి. కానన్ జీ2010, జీ3010 లాంటి వాటిలో బ్లాక్ పిగ్మెంట్ ఇంక్, మిగతా మూడూ డై ఇంకులు. డై అంటే నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు, అది గ్లాసీ పేపర్ పూతలోకి ఇంకిపోతుంది. పిగ్మెంట్ అంటే సన్నటి రేణువులు, అవి పైనే కూర్చుంటాయి. మామూలు కాగితం మీద అక్షరాలు చెక్కినట్టు రావడానికి ఆ పిగ్మెంట్ బ్లాక్ బాగుంటుంది గానీ, గ్లాసీ మీద సరిగ్గా అతుక్కోదు, వేలితో రుద్దితే చెరిగిపోతుంది. అందుకే పేపర్ టైప్ దగ్గర మీరు గ్లాసీ అని సెలెక్ట్ చేయగానే డ్రైవర్ బ్లాక్‌ని పక్కన పెట్టి, మిగతా మూడు రంగులూ కలిపి నలుపు తయారు చేస్తుంది. అంటే బ్లాక్ బాటిల్ నిండుగా ఉన్నా బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి అందులోంచి చుక్క కూడా రాదు! నాకైతే ఇది తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

సరే, బ్లాక్ కూడా డై ఇంకే ఉన్న ప్రింటర్ కొంటే సరిపోతుందా? పూర్తిగా కాదు. లేత బూడిద రంగు రావాలంటే నల్ల చుక్కల్ని దూరం దూరంగా వేయాలి. ముఖం మీద అవి ఇసక చల్లినట్టు కనిపిస్తాయి. ఆ గరుకుదనం తగ్గించడానికి డ్రైవర్ మళ్లీ మూడు రంగుల మిశ్రమం వైపే వెళ్తుంది. "గ్రేస్కేల్" అని టిక్ పెట్టినంత మాత్రాన నల్ల ఇంక్ ఒక్కటే వాడుతుందన్న గ్యారంటీ లేదు.

మూడు రంగుల్లో ఏ ఒక్కటి కాస్త అటూ ఇటూ అయినా గ్రే కాస్తా గ్రే కాకుండా పోతుంది. కలర్ ఫోటోలో గడ్డి కొంచెం పసుపెక్కినా ఎవరూ పట్టించుకోరు. కానీ రంగే ఉండకూడని చోట రవ్వంత రంగు కనబడితే కన్ను వెంటనే పట్టేస్తుంది. పైగా ఈ మూడు ఇంకులూ ఒక్కో లైటు కింద ఒక్కోలా ప్రవర్తిస్తాయి. ట్యూబ్‌లైట్ కింద కుదిరిన బ్యాలెన్స్ ఎండలో కుదరదు. అమ్మమ్మ ముఖం కిటికీ దగ్గర ఒకలా, హాల్లో ఇంకోలా కనిపించింది అందుకే.

ఊరి నుంచి రాగానే పట్టుదలకి పోయి, చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసి తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల గ్రే పట్టీ తయారు చేశా. ప్రింట్ తీసి, ఫోన్‌తో ఫోటో కొట్టి ఫ్రెండ్‌కి పంపితే "బాగానే ఉంది కదరా" అన్నాడు. స్క్రీన్ మీద చూస్తే నాకూ బాగానే ఉంది! తర్వాత వెలిగింది: ఫోన్ ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ ఛాయని గుట్టుగా సరిచేసేస్తోంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి తీస్తే గానీ అసలు రంగు బయటపడలేదు.

ఇక్కడే నా అసలు గొడవ. ప్రింటర్ రివ్యూలు రాసే మనం ఏం చూస్తున్నాం? పేజీకి ఎన్ని పైసలు, నిమిషానికి ఎన్ని పేజీలు, వైఫై కనెక్ట్ అవుతోందా లేదా. ఫోటో క్వాలిటీ అంటే ఓ చిలక ఫోటో, ఓ సూర్యాస్తమయం. ఆ ప్రింట్‌ని ఆటో మోడ్‌లో ఫోన్‌తో తీసి పోస్ట్ చేస్తాం. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌ని రెండు లైట్ల కింద చూపించిన రివ్యూ నాకు కనపడలేదు. నేను ఇంతకుముందు రాసినవాటిలోనూ లేదు, ఒప్పుకుంటున్నా.

"ఈ రోజుల్లో బ్లాక్ అండ్ వైట్ ఎవడు ప్రింట్ చేస్తాడు బ్రో" అంటారని తెలుసు. నేను అడిగేది అదే. మన కలర్ ఫోటోలు ఫోన్లోనే ఉంటాయి, వాటిని మనం ప్రింట్ చేయం. ఇంట్లో ప్రింట్ అవసరం పడేది తాతయ్యలవీ అమ్మమ్మలవీ ఫోటోలకే. అవేమో బ్లాక్ అండ్ వైట్.

కంపెనీలకి ఇది తెలియని సంగతేం కాదు. ఎప్సన్ 2005లోనే అల్ట్రాక్రోమ్ కే3 ఇంకుల్లో మూడు స్థాయిల నలుపులు పెట్టింది: ఒకటి ముదురు, రెండు లేతవి. లేత గ్రే ఇంక్ విడిగా ఉంటే మూడు రంగుల మిశ్రమం మీద ఆధారపడే పని బాగా తగ్గిపోతుంది. ఇప్పుడు ట్యాంక్ ప్రింటర్లలో కూడా ఎప్సన్ ఎల్8180, కానన్ జీ570లో గ్రే ఇంక్ ఉంది. కానీ ఆరు రంగులు అనగానే గ్రే ఉన్నట్టే అనుకోకండి. ఎప్సన్ ఎల్8050లో ఆ అదనపు రెండూ లైట్ సయాన్, లైట్ మజెంటా. కలర్ ఫోటోలో చర్మం నునుపుగా రావడానికి అవి మంచివే, అమ్మమ్మ ఫోటోకి మాత్రం గ్రే చేసే పని చేయవు. స్పెక్ షీట్‌లో ఎన్ని ఇంకులు అని కాదు, ఏ ఇంకులు అని చదవాలి.

మరి గ్లాసీ వదిలేసి మ్యాట్ వాడొచ్చు కదా? నేనూ అమ్మతో అదే అన్నా. పాత ఫోటో చేతిలో పెట్టి "దీనికున్న మెరుపు ఏదిరా" అంది. ఆవిడ మాటలో ఫిజిక్స్ ఉంది. మంచి గ్లాసీ ప్రింట్‌లో ముదురు నలుపు తన మీద పడిన కాంతిలో 1 శాతం కంటే తక్కువే వెనక్కి పంపుతుంది. మ్యాట్ మీద అది 2, 3 శాతం దాకా ఉంటుంది. వినడానికి చిన్న తేడానే, కానీ అమ్మమ్మ జడకీ వెనక పరదాకీ మధ్య గీత గ్లాసీలోనే కనిపించింది. మ్యాట్‌లో రెండూ కలిసిపోయాయి.

నాలుగు రంగుల ప్రింటరే ఉన్నవాళ్లకి ఒక అడ్డదారి ఉంది. ఫోటోకి ముందే కాస్త గోధుమ ఛాయ ఇచ్చి కలర్ మోడ్‌లోనే ప్రింట్ చేయండి. ఆకుపచ్చని క్షమించని కన్ను పాత ఫోటోలో గోధుమరంగుని ఒప్పుకుంటుంది. ఇది మోసమే, కానీ పనికొచ్చే మోసం. ఇంకోటి, ప్రింట్ రాగానే పటం కట్టేయకండి. ఒక రోజు ఆరనివ్వండి, ఆరాక రంగు కొద్దిగా మారుతుంది. డై ప్రింట్‌ని గాజు లేకుండా గోడకి అంటించినా గాలికి త్వరగా వెలుస్తుంది. అన్ని రంగులూ ఒకేలా వెలవవు కాబట్టి గ్రే మళ్లీ ఏదో ఒక రంగుకి తిరుగుతుంది.

చివరికి మా ఆఫీసులో ఒకాయన దగ్గర గ్రే ఇంక్ ఉన్న ప్రింటర్ ఉంటే, బతిమాలి అక్కడ తీయించా. ఈసారి ముందు కిటికీ దగ్గర చూశా, తర్వాత బల్బు కింద. తేడా లేదనను, వెతికితే దొరుకుతుంది. అమ్మ మాత్రం వెతకలేదు. పటం ఇప్పుడు ఊళ్లో హాల్లో ఉంది. పచ్చబడిన ప్రింట్లు ఏడూ నా టేబుల్ సొరుగులో ఉన్నాయి, రివ్యూకి వచ్చే తర్వాతి ప్రింటర్‌లో ముందు తీసేది ఆ ఫోటోనే.