ఎర్రజెండా ఎవరి చేతిలో ఉండాలి?

రాయపూర్ నుండి బిలాస్‌పూర్ వెళ్ళే మార్గంలో ఉన్న బీర్‌గావ్ పారిశ్రామిక కార్మికుల పట్టణం. పక్కనే ఉర్లా, ఆ పైన సిల్తరా. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఈ మార్గంలో పనిచేస్తూ వచ్చిన మన తెలుగు కుటుంబాలకు ఇక్కడి స్పాంజి ఐరన్ కర్మాగారాల, రోలింగ్ మిల్లుల పొగగొట్టాలు పరిచితమైనవే. ఉక్కుకు గిరాకీ ఉన్నంతకాలం పగలూ రాత్రీ పని, గిరాకీ తగ్గిననాడు “రేపటి నుండి రావద్దు” అనే మాట. కాంట్రాక్టు కార్మికునికి అనిశ్చితి అంటే అర్థం ఇదే.

అనిశ్చిత కాలంలో సంస్థలను నిలబెట్టేది మంచి కార్పొరేట్ పాలన అని యాజమాన్య సంఘాలు తరచు ఉపదేశిస్తుంటాయి. ఆ మాటతో మాకు తగవు లేదు. ఆ పాలనలో ఎవరికి చోటున్నది అన్నదే మా ప్రశ్న.

రైల్వే కార్మికునికి దీని మర్మం తెలియనిది కాదు. పట్టా విరిగినట్లు కంటబడితే కీమన్ పై అధికారి ఉత్తరువు కోసం ఎదురు చూడడు. ఎర్రజెండా చూపి, పట్టాపై డిటోనేటర్లు అమర్చి బండిని ఆపుతాడు. అందులో జనరల్ మేనేజరు ప్రయాణిస్తున్నా బండి ఆగవలసిందే. ప్రమాదాన్ని ముందుగా చూచినవానికి దానిని ఆపే అధికారం ఉండడమే మంచి పాలన.

హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్‌లో ఆ అధికారం ఎవరికున్నది? 2008లో కార్పొరేట్ పాలనకే అవార్డు అందుకున్న సంస్థ అది. డైరెక్టర్ల బోర్డులో పేరుమోసిన ఆచార్యులు, మాజీ ఉన్నతాధికారులు ఉన్నారు. 2008 డిసెంబరు 16న ఛైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదనను ఆ బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించింది. మదుపరులు తిరగబడిన మీదటనే అది రద్దయినది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు స్వయంగా లేఖ వ్రాసి లెక్కల బూటకాన్ని ఒప్పుకున్నారు. పుస్తకాలలో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైగా అసలు లేనే లేదు. సుమారు 53 వేలమంది ఉద్యోగుల భవిష్యత్తు ఒక్క ఉదయంతో ప్రశ్నార్థకమైనది.

అటుపై ప్రభుత్వం పాత బోర్డును రద్దుచేసి కొత్త డైరెక్టర్లను నియమించింది. ఏప్రిల్ నాటికి టెక్ మహీంద్రా ఆ సంస్థను చేపట్టింది. ఉద్యోగులు వారే, పని అదే, మారినది పాలన. పాలన సంస్థను బ్రతికించగలదనుటకు ఇదే రుజువు. కాని తరువాతి నెలలలో వేలాదిమందిని తగ్గించిన జీతాలతో “మిగులు” జాబితాలో కూర్చుండబెట్టారు. తప్పు పైవారిది, శిక్ష క్రిందివారిది.

కార్మికునికి చోటిస్తే ప్రతి మార్పునూ అడ్డుకుంటాడన్న వాదం ఒకటున్నది. దానికి జవాబు ఛత్తీస్‌గఢ్ గడ్డ మీదనే ఉన్నది. భిలాయి ఉక్కు కర్మాగారానికి ఖనిజం పంపే దల్లీ-రాజహరా గనులలో పూర్తి యాంత్రీకరణ ప్రతిపాదన వచ్చినప్పుడు, 1977లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ వట్టి “వద్దు”తో సరిపెట్టుకొనలేదు. శంకర్ గుహా నియోగీ నాయకత్వాన, పనీ సాగి ఉపాధీ నిలిచే పాక్షిక యాంత్రీకరణ పథకాన్ని లెక్కలతో సహా ముందుంచింది. దల్లీ గనులలో అది అమలులోకి వచ్చింది. ఆ నియోగీయే 1990–91లో భిలాయి, ఉర్లా పరిశ్రమల కార్మికులను సమీకరించారు. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో హత్యకు గురయ్యారు. సలహా చెప్పగల కార్మికునికి ఈ ప్రాంతంలో లభించిన ఆసనం అది!

తపాలా సోదరులకు మరొక గుణపాఠం బి.ఎస్.ఎన్.ఎల్. మన పి అండ్ టి కుటుంబం 1985లో విడిపోయినది. 2000 అక్టోబరు 1న టెలికాం సేవలు కంపెనీగా మారినవి. “స్వేచ్ఛగా పోటీపడవచ్చు” అన్నారు. ప్రైవేటు సంస్థలు 4జీలో ఏళ్ళు ముందుకు సాగిపోయిన తరువాత, 2019 అక్టోబరులోగాని దానికి 4జీ స్పెక్ట్రం కేటాయించే నిర్ణయం వెలువడలేదు. ఆ నిర్ణయంతోపాటే స్వచ్ఛంద విరమణ పథకం కూడా వచ్చి, 78 వేలమందికి పైగా ఉద్యోగులు ఇంటిదారి పట్టారు. బోర్డు అన్న పేరు పెట్టినంత మాత్రాన పాలన రాదు.

1976లో రాజ్యాంగంలో చేరిన 43-ఎ అధికరణం పరిశ్రమల నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యాన్ని ఆదేశించింది. 1990లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన బిల్లు చట్టం కానేలేదు. 2013 కంపెనీల చట్టం స్వతంత్ర డైరెక్టర్లకు చోటిచ్చింది, కార్మికునికి ఇవ్వలేదు. జర్మనీలోనో, రెండువేలమందికి మించిన కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు ఉద్యోగులకు 1976 నుండే ఉన్నవి.

కావున 43-ఎ అధికరణం చట్టరూపం దాల్చాలని, కాంట్రాక్టు కార్మికునికి కూడా అందులో ప్రాతినిధ్యం ఉండాలని మేము డిమాండ్ చేస్తున్నాము. ఆ చట్టం వచ్చేవరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. పి.ఎన్.ఎం., జె.సి.ఎం. సమావేశాలకు వెళ్ళే మన ప్రతినిధులు కోరికల జాబితాతోపాటు లెక్కల పుస్తకాన్ని కూడా చదివి వెళ్ళాలి. ఖాళీల సంఖ్య, పనిభారం, ప్రైవేటుకు అప్పగించిన పనుల ఖర్చు అంకెలతో అడగాలి.

సోదర కార్మికులారా! విరిగిన పట్టాను ముందుగా చూచేది మనమే. బండి పల్టీ కొట్టిన తరువాత సాక్ష్యం చెప్పడానికి కాక, అంతకు ముందే ఆపడానికి మన చేతికి ఎర్రజెండా కావాలి.