పాలకొల్లు మాండొలిన్‌కి కెంటకీ చుట్టం

మాండొలిన్ అనగానే గోదావరి జిల్లాల్లో ఎవరికైనా గుర్తొచ్చే పేరు ఒక్కటే... శ్రీనివాస్. అదే మాట అమెరికాలో పల్లెపాటలంటే చెవి కోసుకునేవాళ్లని అడగండి, బిల్ మన్రో అంటారు! ఒకరిది పాలకొల్లు. మరొకరిది కెంటకీ రాష్ట్రంలోని రోసిన్ అనే చిన్న ఊరు. ఇద్దరూ పట్టింది ఒకే వాద్యాన్ని. పలికించింది మాత్రం దేనికదే. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని వింటే భలే సరదా!

ముందు అమెరికా సంగతి చూద్దాం. 1911లో పుట్టిన మన్రో, తన బృందానికి సొంత రాష్ట్రం ముద్దుపేరు కలిసొచ్చేలా 'బ్లూ గ్రాస్ బాయ్స్' అని పేరు పెట్టుకున్నారు. 1939లో 'గ్రాండ్ ఓల్ ఓప్రీ' రేడియో కార్యక్రమంలో అడుగుపెట్టారు. 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ అనే కుర్రాడు మూడు వేళ్లతో బ్యాంజో వాయిస్తూ వచ్చి చేరాక ఆ బృందం జోరే మారిపోయింది. చివరికి ఆ తరహా సంగీతానికంతా బృందం పేరే ఖాయమైంది. అదే బ్లూగ్రాస్!

మాండొలిన్, ఫిడేలు, బ్యాంజో, గిటారు, నిలబెట్టి వాయించే పెద్ద బేస్... సంప్రదాయ బ్లూగ్రాస్‌కి ఇవి చాలు. బ్యాంజో అంటే మన ఆర్కెస్ట్రాల్లో మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్ కాదు. డప్పులాంటి గుండ్రటి తోలుకి పొడవాటి మెడ తగిలించిన తీగల వాద్యం. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల్లో అమెరికాలో రూపుదిద్దుకున్నది.

మరి డ్రమ్ములు లేకుండా తాళం ఎలా? అక్కడే ఉంది కిటుకు. మాండొలిన్ తీగల్ని ఠక్కున మీటి, వెంటనే వేళ్లు సడలించి మోతని ఆపేస్తారు. 'చక్... చక్' మంటూ దెబ్బ పడుతుంది. అంటే వాళ్లకి మాండొలినే మృదంగమన్నమాట!

మాండొలిన్‌కి పుట్టుకతోనే ఓ లోపం ఉంది. మీటగానే మోగుతుంది, అంతలోనే ఆగిపోతుంది. కెంటకీవాళ్లు ఆ లోపాన్నే తాళంగా మార్చుకున్నారు. కర్ణాటక సంగీతంలో అది కుదరదు. స్వరం సాగాలి, ఊగాలి, గమకం పలకాలి. రెండేసి చొప్పున నాలుగు జతలుగా బిగించిన ఎనిమిది తీగల మీద అదెలా సాధ్యం?

1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆ చిక్కుముడి విప్పారు. ఆరేళ్లకే మాండొలిన్ పట్టిన ఆ పిల్లాడికి పాఠం చెప్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజుకి మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, శిష్యుడు దాన్ని తీగలమీద వెతుక్కునేవాడు. అందుకే వేళ్లకన్నా ముందు గొంతు అలవాటైంది. తర్వాత జతలు తీసేసి ఒంటి తీగలు అయిదు పెట్టుకున్నారు. నాదం నిలిచేందుకు విద్యుత్ సాయం తీసుకున్నారు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇంట్లో వినాలనుకుంటే 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' సినిమా పాటలతో మొదలుపెట్టండి. అందులో బ్లూగ్రాస్‌తోపాటు పాతకాలపు పల్లెపాటలూ ఉన్నాయి. 2002లో గ్రామీల్లో ఉత్తమ ఆల్బమ్ అదే. తర్వాత శ్రీనివాస్ కీర్తనలు. ఆపైన 2001లో వచ్చిన 'శాటర్డే నైట్ ఇన్ బాంబే'. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జాకిర్ హుస్సేన్ తబలాతో మన పాలకొల్లు మాండొలిన్ జతకట్టిన ముంబయి కచేరీ అది. ఒకసారి మాండొలిన్ మీదే చెవి పెట్టండి. రెండోసారి తాళం మీద. ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పుకోవచ్చు... రికార్డుతో ఉన్న సుఖం అదే.

కానీ రికార్డులో దొరకనిది ఒకటుంది. పాత పద్ధతి బ్లూగ్రాస్ బృందాలు ఒకే మైకు చుట్టూ నిలబడతాయి. వంతు వచ్చినవాడు ముందుకొస్తాడు, మిగతావాళ్లు తప్పుకుంటారు. చూడ్డానికి కోలాటమే! మన కచేరీలోనూ అంతే. తని ఆవర్తనానికి ముందు చిన్న తలూపు, వయొలిన్ జవాబుకి ఓ చిరునవ్వు... ఎదుట కూర్చుంటేనే తెలుస్తాయి.

ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి 1987లో వెళ్లిపోయారు. కాకినాడ బిడ్డ చిట్టిబాబు 1996లో. శ్రీనివాస్ అయితే 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే. ఈ ముగ్గురినీ ఇక రికార్డుల్లోనే వినగలం. 'మళ్లీ వచ్చినప్పుడు వెళ్దాంలే' అనుకున్నవాళ్లకి ఆ 'మళ్లీ' రాలేదు.

శ్రీనివాస్ తొలి కచేరీ 1978లో గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో జరిగింది. అప్పటికి ఆయన పద్మశ్రీ కాదు, తొమ్మిదేళ్ల పిల్లాడు. చేతిలో ఉన్నదేమో శాస్త్రీయ సంగీతానికి పనికిరాదనుకున్న వాద్యం. అయినా కూర్చుని విన్నవాళ్లున్నారు. ఏటా పుష్య బహుళ పంచమికి మన ఊళ్లలోనూ ఆరాధనలు జరుగుతాయి. పేరున్నవాళ్ల కోసమే ఆగకండి. పిల్లల్ని వెంటబెట్టుకుని ఓ గంట ముందే వెళ్లి, మొదట వాయించే కుర్రాళ్లనీ వినండి. రికార్డు ఎక్కడికీ పోదు. కచేరీ మాత్రం ఆ పూటతో సరి!