చోటెరిగిన ఇల్లు

కరీంనగరము చుట్టునున్న గుట్టలను కోసి తీసిన గోధుమవన్నె గ్రానైటు రైలుపెట్టెల కెక్కి కాకినాడ రేవు చేరి, అచ్చటినుండి చైనాకు తరలిపోవుచుండగా, అదే నగరమున టవర్ సర్కిల్ పరిసరములలోని దుకాణములు గాజుపలకలను, ఏసీపీ షీట్లను ముఖమునకు తొడుగుకొని, ఆ గాజు లోనికి రప్పించిన వేడిని వెడలగొట్టుటకు ఉదయము మొదలు దుకాణము కట్టువరకు ఏసీ యంత్రములను నడుపుకొనుచున్నవి. 2017లో కరీంనగరము స్మార్ట్ సిటీల జాబితాకెక్కినది. 2023 జూన్‌లో మానేరుపై తీగల వంతెన ప్రారంభమైనది. ఊరు కొత్తరూపు దాల్చుచున్నదని సంతోషించువారును, పాత ఊరు కనుమరుగగుచున్నదని వగచువారును నేడు ఎదురెదురుగా నిలిచి వాదించుకొనుచున్నారు. ఉభయులును కట్టడపు ముఖమునే చూచుచున్నారని నా అభిప్రాయము. కమాను పెట్టినంతమాత్రమున ఇల్లు చల్లబడదు, గాజు తొడిగినంతమాత్రమున నగరము నాగరికము కాదు. ఒక కట్టడము ఏ ఎండను, ఏ చలిని, ఏ మనుష్యుల నడవడిని ఎరిగి లేచినది, దాని రూపమును ఎవరు నిర్ణయించిరి అనునవి అడుగవలసిన ప్రశ్నలు.

ఈ ప్రాంతపు పల్లెలలో భవంతి ఇల్లని పిలుచుకొను కట్టడమును నిదానించి చూడుడు. నడుమ ఆకాశము కనిపించు చదరము, దాని నాలుగు దిక్కుల టేకు స్తంభములపై నిలిచిన చావడులు, వాని వెనుక అర్రలు, వీధివైపు దర్వాజాకు ఇరుప్రక్కల గద్దెలు. మూరెడుకు మించిన మందముగల మట్టిగోడ పగటి ఎండను మెల్లమెల్లగా పీల్చుకొనును. ఆ వేడి లోపలి ముఖమునకు చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకి బయట గాలి చల్లబడియుండును. అర్రలో పైకెగసిన వేడిగాలి గూనపెంకల సందులనుండి జారిపోవును. రాత్రివేళ చల్లనిగాలి చదరములోనికి దిగి ఇల్లంతయు వ్యాపించును. నాలుగైదంగుళముల కాంక్రీటు స్లాబు తీరు దీనికి విపరీతము. అది పగలెల్ల కాగి, తన క్రింద పండుకొన్నవారిపై రాత్రియంతయు ఆ వేడిని క్రుమ్మరించును. వైశాఖమాసమున స్లాబింటిలో నిదురకై పొరలినవారికి ఈ శాస్త్రమును వేరుగ బోధింపనక్కరలేదు. ఇక పదార్థముల మాట. కలవారి ఇండ్లకు గానుగలో నూరిన డంగుసున్నమున బెల్లపునీరును, కరక్కాయ నీటిని కలిపెడివారు. కరక్కాయ ఆదిలాబాదు అడవిది, టేకు దూలమును ఆ అడవిదే. గూన కుమ్మరి సారెపై పుట్టినది, పునాదిరాయి వడ్డెరల సమ్మెటదెబ్బకు పగిలినది. ఇంటిపై వెచ్చించిన సొమ్ములో అధికభాగము చుట్టుప్రక్కల చేతులకే చేరెడిది.

గడీల విషయమున మాత్రము ఆ చేతులకు కూలి ముట్టలేదు. దొరల గడీలు వెట్టిచాకిరిపై లేచినవి. భవంతి ఇంటి గద్దెపై కూర్చుండు హక్కు ఊరిలోని వారందరికిని లేకుండెను. దళితుడు దర్వాజా ఆవలనే నిలిచి మాటాడవలసివచ్చెడిది. వెలుతురు చొరని అర్రలలో, పొగచూరిన వంటింటిలో స్త్రీల ఆయుష్షు తరిగిపోయినది. ఈ సత్యమును మరుగుపరచి సంప్రదాయమును కొనియాడుట అన్యాయము. అంతేకాదు, జనులు పెంకుటింటిని విడిచిపెట్టుటకు బలమైన కారణములున్నవి. ఏటేటా మృగశిర కార్తెకు ముందు కప్పు విప్పి పెంకు తిరుగవేయవలెను. ఆ పని తెలిసినవాడు నేడు దొరకుట దుర్లభము, గూనలు చేయు కుమ్మరి అంతకంటెను దుర్లభము. అడవులు పలుచబడి ఊళ్లపై పడిన కోతులమూక ఒక్కసారి కప్పుమీదుగా పరుగెత్తినచో గూనలు జరిగి, పగిలి, మొదటి వానకే అర్రలోని వడ్లు తడిసి మొలకెత్తును. స్లాబుపై కోతి ఎంత గంతులిడినను ఇంటికి నష్టము లేదు! గల్ఫు దేశములకు పోయి ఎడారి ఎండలో చెమటోడ్చి కూడబెట్టిన ధనముతో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల కుటుంబములు కట్టుకొన్న స్లాబిల్లు వారికి కేవలము గృహము కాదు, ఊరిలో తలయెత్తుకొని తిరుగుటకు లభించిన ఆధారము. వారిని అభిరుచిహీనులని ఆక్షేపించు అధికారము ఎవ్వరికిని లేదు.

కరీంనగరము తానే ఒకనాటి నూతన నగరమను సంగతి ఇచ్చట స్మరింపదగియున్నది. జిల్లాకు పూర్వము ముఖ్యస్థానము ఎలగందుల. 1754లో కట్టిన దో మినార్ నేటికిని అచ్చట నిలిచియున్నది. ఇరువదవ శతాబ్దారంభమున పాలన ఎలగందులను వీడి కరీంనగరమునకు తరలినది. ఊళ్లు కదలును, రూపములు మారును. ఆ మార్పునకు నేను వెరవను.

నాకు వెరపు కలిగించునది వేరొకటి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగి, పాత ఆదిలాబాదు నాలుగు జిల్లాలైనది, పాత కరీంనగరమును పలుభాగములైనది. ఆ పిమ్మట పెద్దపల్లి, జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదులలో వరుసగా లేచిన సమీకృత జిల్లా కార్యాలయ సముదాయములను చూచిన బాటసారికి తాను ఏ ఊరిలో నున్నాడో బోర్డు చదివినగాని తెలియదు. అన్నియు దాదాపు ఒకే నమూనా. బొగ్గుగనుల నడుమ కొలిమివలె మండు రామగుండపు ప్రక్కనున్న పెద్దపల్లికిని, శీతకాలపు రాత్రులలో ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగి వేసవిలో 45 దాటు ఆదిలాబాదు మన్యమునకును ఒకే గోడ, ఒకే కిటికీ ఎట్లు తగును? ప్రజల పనులు ఒకేచోట జరుగవలెనను ఉద్దేశము మంచిదే; దానికి చీటీపై గీసిన ఒకే బొమ్మ చాలునని తలచుటయే దోషము. పేదల కుద్దేశించిన రెండు పడకగదుల ఇంటి విషయమును అట్టిదే. 560 చదరపు అడుగులలో రెండు పడకగదులు, హాలు, వంటిల్లు, రెండు మరుగుదొడ్లు ఇమిడినవి. మరుగుదొడ్డి, గట్టి కప్పు లభించుట నిజముగా గొప్ప మేలు. కాని గోండు, కొలాం గూడెములలో వెదురు తడకపై మట్టి మెత్తి కట్టుకొన్న ఇంటికి ముందరి పంచ ప్రాణము. అచ్చటనే చుట్టములు కూర్చుందురు, అచ్చటనే పనులు సాగును, కోసిన పంట దిగును. కొత్త ఇంటి పటమున ఆ పంచకు, గింజల గుమ్మికి, పశువులకు తావు లేదు. ఇంట ఉండబోవువారిని ఎవరైనను ఒక్కమాట అడిగియుండిన ఈ లోపము జరుగకుండెడిది.

అడిగినవారు లేకున్నను, తమకు తామే నిర్ణయించుకొనినవారు ఆదిలాబాదు జిల్లాలోనే ఉన్నారు. ఇంద్రవెల్లి మండలపు కేస్లాపూరులో గోండులైన మెస్రం వంశీయులు తమలో తాము చందాలు ప్రోగుచేసికొని, నాగోబా ఆలయమును నల్లరాతితో పునర్నిర్మించి 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరుపుకొనిరి. పాత గుడిని అట్లే ఉంచవలసినదని విచారించు పురావస్తు ప్రియులుందురు. నేను వారితో ఏకీభవింపను. నాగోబా జాతరకు ముందు మెస్రం వారు కాలినడకన గోదావరికి పోయి హస్తినమడుగు జలమును తెచ్చుట మానలేదు. పూజకు కావలసిన కుండలను సిరికొండ కుమ్మరులు చేయుట మానలేదు. పాత కట్టడము పోయి రాతిగుడి వచ్చినది, నిర్ణయము మాత్రము ఆ గుడికి హక్కుదారులైన వారి చేతిలోనే నిలిచినది. పొరుగున కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోట కథ మరియొక తీరు: దానిని సున్నపు పనితోనే జీర్ణోద్ధరణ చేసినందులకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించినది. డంగుసున్నము మృతవిద్య కాదనుటకు అంతకన్న నిదర్శన మేల?

ఇక చట్టముల మాట. భవననిర్మాణ నిబంధనలను గూర్చిన 2012 నాటి 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారము, కొంత పరిమాణము దాటిన స్థలములో ఇంటి చుట్టును సందులు విడువవలెను. చిన్నపాటి స్థలములలో ఆ సందులు మనిషి అడ్డముగా నడువవలసినంత ఇరుకు. అందు గాలి ఆడదు, చెట్టు పెరుగదు. అంత ఖాళీని ఇంటి నడుమకు చేర్చి చదరము చేసికొనగోరు గృహస్థునకు, ఇరుగుపొరుగు సమ్మతించినచో, వెసులుబాటు కల్పించుట వలన పురపాలకమునకు కలుగు నష్టమేమి? 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టము వచ్చిన పిదప 75 గజములలోపు ఇంటికి అనుమతియే అక్కరలేదు, నమోదు చాలును. అనగా ఈ పట్టణములకు నిజమైన వాస్తుశిల్పి మేస్త్రీ. సెంట్రింగు కొట్టువానికి అలవాటైన కొలతయే ఇంటి కొలత. రామగుండము విద్యుత్కేంద్రపు బూడిదతో చేసిన ఇటుకను, గోడ మందమును, కిటికీపై సజ్జ పొడుగును గూర్చి ఆ మేస్త్రీకి నేర్పని ప్రభుత్వము ఎన్ని విధానములు ప్రకటించినను అవి గోడ చేరవు.

2023లో రాష్ట్రము ప్రకటించిన కూల్ రూఫ్ విధానము మెచ్చదగినది. ఎండను తిప్పికొట్టు తెల్లని పూతను కప్పుపై వేయవలెనను ఆ ఆలోచన, మన పెద్దలు మిద్దెకు సున్నము కొట్టిన నేర్పుకు దగ్గరి చుట్టము. కాని నివాసగృహములలో 600 గజములు, అంతకు మించిన స్థలముగల వానికే అది విధింపబడినది. సిరిసిల్లలో రేకుల కప్పు క్రింద సాంచెల (మరమగ్గముల) నడుమ నిలిచి పగలంతయు బట్ట నేయు కార్మికునికి 600 గజముల స్థలమెక్కడిది? అతని రేకులకు ఆ పూతను ప్రభుత్వము తన ఖర్చుతోనే, రాబోవు హోలీపున్నమికి ముందే వేయింపవలెను.