గోడకు చెవులెక్కడ?

వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఆత్మకూర్ (ఎస్)లోని మా ఇంటికి వచ్చాక నా పగలూ రాత్రీ తారుమారయ్యాయి. రాత్రి పదకొండింటికి అమెరికా వాళ్లతో మీటింగ్. పక్క గదిలో నాయిన. ఆయన నాలుగింటికే లేచి పొలం పోతాడు. ఓ రాత్రి మంచినీళ్ల కోసం లేచి చూస్తే ఆయన మంచం వరండాలో ఉంది. అడిగితే, "బయట గాలి మంచిగొస్తది బిడ్డా" అన్నాడు. అది జనవరి!

తెల్లారే సూర్యాపేట పోయి థర్మాకోల్ షీట్లు తెచ్చి గోడంతా అతికించాను. మంచం లోపల వేశాను. రెండు రోజులకు మళ్లీ వరండాలోనే కనిపించింది.

కొనక ముందు చదవాల్సింది, కొన్నాక చదివాను. వేడిని ఆపేదీ శబ్దాన్ని ఆపేదీ ఒకటి కాదు. శబ్దాన్ని ఆపడానికి ముందుగా కావాల్సింది బరువు. థర్మాకోల్‌లో ఉన్నదంతా గాలే. పైగా త్వరగా అంటుకుంటుంది. స్టూడియోల్లో కనిపించే ఫోమ్ కూడా గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తుందే తప్ప మాటను గోడ దాటకుండా ఆపదు. కోడిగుడ్ల అట్టలు సరేసరి.

గ్లాస్‌వూల్, రాక్‌వూల్ పనికొస్తాయి. కానీ గోడకు ఊరికే అంటిస్తే కాదు. గోడకు తగలకుండా కాస్త ఎడంగా ఫ్రేమ్ నిలబెట్టి, మధ్యలో ఊలు నింపి, పైన జిప్సం బోర్డు రెండు వరుసలు బిగించాలి. బోర్డు బరువు శబ్దాన్ని అడ్డుకుంటుంది, ఊలు మధ్య ఖాళీలో మోతను తగ్గిస్తుంది. శబ్దం విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదు. మంటను రాక్‌వూల్ ఎక్కువ తట్టుకుంటుంది. రెండూ దురద పెడతాయి, మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. గోడకు చెమ్మ ఉంటే ముందు దాని సంగతి చూడాలి.

ఈ లెక్కలన్నీ వేసుకుని ఫ్రేముకు కొలతలు తీస్తుంటే అసలు దొంగ దొరికాడు. మాది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. రెండువైపులా ప్లాస్టరింగ్ ఉంది. అలాంటి గోడ 40 డెసిబెల్స్ దాకా ఆపగలదు. కానీ గోడ, తలుపు కలిపిన వైశాల్యంలో నూటికి ఒక వంతు సందున్నా చాలు, మిగతాది ఎంత గట్టిదైనా 20కి మించి ఆగదు. మా రెండు గదుల తలుపులూ హాల్లోకే. తలుపుల మీద వెంటిలేటర్లు, కింద వేలు దూరేంత సందు. నా మాట గోడలోంచి కాదు, హాల్లోంచి తిరిగి వెళ్తోంది!

నా గది వెంటిలేటర్‌కు మందపాటి చెక్క బిగించి అంచుల్లో సిలికాన్ పెట్టించాను. తలుపు చుట్టూ, కింద రబ్బరు పట్టీ వేశాను. గాలికి బయటి కిటికీ ఉంది. ఇంకోటి: రెండు చెవులూ మూసే హెడ్‌సెట్ పెడితే మన గొంతు మనకు వినపడక అరుస్తాం. ఇప్పుడు ఒక చెవి వదిలేస్తున్నాను.

మీ ఇంట్లోనూ ముందు సందులు వెతకండి. అవి మూసినా వినిపిస్తే అప్పుడు ఊలు, బోర్డుల సంగతి చూడండి.

మొన్న పొద్దున నాయిన అడిగాడు: "రాత్రి మీటింగ్ లేదారా?"

ఉంది. గంటన్నర.